గ్రంథాలయాలు – డాక్యుమెంటరీ చిత్రాలు – జనసమైక్యత

గ్రంథాలయం అనగానే మన మనస్సులో మెదిలేవి పుస్తకాల బీరువాలు, పఠన మందిరంలోని పొడవైన బల్లలు, వాటిమీద పరచిన దినపత్రికలు, గోడకు వ్రేలాడే 'నిశ్శబ్దం పాటించండి' అనే పలక. ఈ గ్రంథాలయం పౌరులందరిదీ అని చట్టం చెబుతున్నది. దాని పోషణకై ఇంటిపన్నుతోపాటు సెస్సు చెల్లిస్తున్నదీ పౌరులందరూ. అయితే దాని గడప దాటి లోపలికి వచ్చేవారెవరు? చదవగలిగినవారు, అందులోనూ అక్కడ లభించే భాషను, లిపిని చదవగలిగినవారు. 2011 జనాభా లెక్కల ప్రకారం అవిభక్త ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67 శాతం. అనగా ఏడేండ్లు దాటినవారిలో సుమారు మూడవ వంతుకు గ్రంథాలయపు తలుపు తెరచి ఉన్నా మూసి ఉన్నా ఒక్కటే అన్నమాట.

ఉర్దూ, తెలుగు రెండూ వాడుకలో ఉన్న మన పట్టణాలలో ఈ సమస్యకు మరొక ముఖం కూడా ఉన్నది. ఒకే పఠన మందిరంలో ఉర్దూ పత్రికల బల్ల ఒక ప్రక్క, తెలుగు పత్రికల బల్ల మరొక ప్రక్క ఉంటాయి. బజారులో బేరమాడేటప్పుడు, బస్సులో ప్రక్కప్రక్కన కూర్చున్నప్పుడు ఆ రెండు బల్లల వారికీ ఒకరి మాట ఒకరికి చక్కగా అర్థమవుతుంది. చదువుకోవటానికి కూర్చున్నప్పుడు మాత్రం వారు విడిపోతారు. మాట కలిపినవారిని లిపి విడదీస్తున్నది. అంత దూరం ఎందుకు? మన ఈ వార్షిక సంచికనే చూడండి. ఉర్దూ భాగం కుడివైపు నుంచి, తెలుగు భాగం ఎడమవైపు నుంచి ఆరంభమై నడుమ కలుసుకుంటాయి. పుటలు కలుసుకుంటున్నాయి గాని, పాఠకులు కలుసుకుంటున్నారా అనేది ఆలోచించదగిన ప్రశ్న.

ఈ ఎడమును తగ్గించటానికి గ్రంథాలయానికి అందుబాటులో ఉన్న సాధనాలలో డాక్యుమెంటరీ చిత్రం ముఖ్యమైనదని మా అభిప్రాయం. అయితే చిత్రం ఒంటరిగా ఈ పని చేయజాలదు. నలుగురూ కలిసి చూడటం, చూసిన తరువాత నలుగురూ మాట్లాడుకోవటం – ఈ రెండూ జరిగినప్పుడే అది సమైక్యతకు సాధనమవుతుంది. ఈ విషయాన్ని కొన్ని అనుభవాల ఆధారంగా పరిశీలించటమే ఈ వ్యాసోద్దేశం.

డాక్యుమెంటరీ అనగా నేమి?

కల్పిత కథను నటుల చేత ఆడించి తీసేది కథాచిత్రం. నిజమైన మనుషులను, నిజమైన స్థలాలను, జరిగిన లేక జరుగుతున్న విషయాలను ఆధారంగా చేసుకొని తీసేది డాక్యుమెంటరీ. అమెరికా దేశస్థుడైన రాబర్ట్ ఫ్లాహర్టీ ఉత్తర కెనడాలోని మంచుసీమ ప్రజల జీవితాన్ని 'నానూక్ ఆఫ్ ది నార్త్' అనే పేరుతో 1922లో చిత్రించాడు. ఆయన తీసిన మరొక చిత్రాన్ని సమీక్షిస్తూ 1926లో జాన్ గ్రియర్సన్ అనే స్కాట్లండు దేశస్థుడు డాక్యుమెంటరీ అనే మాటను ఈ అర్థంలో వాడాడు. నాటి నుంచి ఆ పేరు స్థిరపడింది.

డాక్యుమెంటరీ అన్నంత మాత్రాన అది కేవల సత్యమని విద్యార్థులు భావించరాదు. నానూక్ చిత్రంలోనే కొన్ని దృశ్యాలు కెమెరా కోసం ఏర్పాటు చేసినవి. లోపల వెలుతురు చాలనందున మంచు ఇంటిని ఒక ప్రక్క తెరచి కట్టించారు. ఆనాటికి తుపాకులు వాడుతున్న వేటగాండ్ర చేత పూర్వకాలపు ఈటెలతో వేటాడించారు. కనుక ఎవరు తీశారు, ఎందుకు తీశారు, దేనిని చూపారు, దేనిని వదిలారు అనే ప్రశ్నలు ప్రతి చిత్రం విషయంలోనూ వేసుకోవలసినవే. ఆ ప్రశ్నలు వేయటానికి తీరికా, తావూ ఉండే చోటు ఏది? సినిమాహాలు కాదు, అక్కడ ఆట ముగియగానే తలుపులు తెరచి జనాన్ని బయటికి పంపుతారు. చూసిన విషయం మీద పుస్తకం తెరచి నిజానిజాలు సరిచూసుకోగల చోటు గ్రంథాలయమే.

బరోడా దారి, ఆంధ్రుల కృషి

గ్రంథాలయానికి చలనచిత్రంతో ఏమి సంబంధమని ఎవరికైనా సందేహం కలుగవచ్చు. మన దేశంలో ఈ సంబంధం నూరేండ్లకు పైబడినది. బరోడా సంస్థానాధీశుడైన మూడవ శాయాజీరావు గైక్వాడ్ తన సంస్థానమంతటా నిర్బంధ ప్రాథమిక విద్యను అమలు జరిపి, చదువు నేర్చినవారు దానిని మరచిపోకుండా ఊరూరా గ్రంథాలయాలు నెలకొల్పదలచాడు. అందుకోసం 1910లో విలియం బోర్డెన్ అనే అమెరికన్ గ్రంథాలయ నిపుణుని రప్పించాడు. అక్కడి గ్రంథాలయ శాఖలో పుస్తకాల విభాగాలతోపాటు దృశ్యబోధన కోసం ప్రత్యేకంగా ఒక విభాగం ఏర్పడింది. మేజిక్ లాంతరు పలకలు, చలనచిత్ర యంత్రం వెంట తీసుకొని ఆ విభాగం వారు గ్రామాలకు పోయి ఉచితంగా ప్రదర్శనలిచ్చేవారు. చదువురాని వానికి గ్రంథాలయంతో పని లేదనే వాదానికి బరోడా ఆనాడే ఈ విధంగా సమాధానం చెప్పింది.

బోర్డెన్ అనంతరం బరోడా గ్రంథాలయాల నిర్వహణ చేపట్టిన జె. ఎస్. కుదాల్కరుకు, మన తెలుగువారికీ ఒక బంధం ఉన్నది. గ్రంథాలయోద్యమ పితామహుడుగా పేరొందిన అయ్యంకి వెంకట రమణయ్యగారి కృషి వల్ల 1919లో మద్రాసులో జరిగిన అఖిల భారత పౌర గ్రంథాలయ మహాసభకు అధ్యక్షత వహించినది ఈ కుదాల్కరే. అంతకు అయిదేండ్లకు ముందే, 1914లో, బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడి ఉన్నది. పాఠకుడు గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే పాఠకుని వద్దకు పోవాలని నమ్మి 1935లో కృష్ణా కాలువలలో పడవ మీద పుస్తకాలు పంపినవారు మనవారు. పడవ మీద పుస్తకం వెళ్ళగా లేనిది, తెరమీద బొమ్మ వెళ్ళటంలో వింత ఏమున్నది?

హైదరాబాదు సంగతి చూద్దాం. ఇమాదుల్ ముల్క్ సయ్యద్ హుసేన్ బిల్‌గ్రామీ చొరవతో 1891లో వెలసిన కుతుబ్‌ఖానా ఆసఫియా అరబ్బీ, ఫారసీ, ఉర్దూ గ్రంథాలకు పుట్టిల్లు. పదేండ్ల తరువాత, 1901లో, అదే నగరంలో తెలుగు కోసం కొమర్రాజు లక్ష్మణరావుగారు మొదలైన పెద్దలు శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయాన్ని స్థాపించారు. ఒకదాని నుంచి మరొకదానికి నడిచి పోవచ్చును. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున 1936 నుంచి తన సొంత భవనంలో నిలచిన ఆసఫియా తరువాత రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమై, తెలుగు పుస్తకాలకూ నిలయమయింది. పుస్తకాలు ఒక కప్పు క్రిందికి చేరినవి. పాఠకులను ఒక చోట కూర్చోబెట్టే పని మిగిలి ఉన్నది.

ఢిల్లీలో జరిగిన ప్రయోగం

స్వాతంత్ర్యానంతరం జరిగిన ప్రయోగాలలో ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ విశేషంగా పేర్కొనదగినది. పౌర గ్రంథాలయాన్ని ప్రజావిద్యకు సజీవశక్తిగా భావించి యునెస్కో సంస్థ 1949లో ఒక ప్రకటన వెలువరించింది. గ్రంథాలయం సమకూర్చవలసిన వాటిలో పుస్తకాలు, పత్రికలు, పటాలతోపాటు చలనచిత్రాలను కూడా ఆ ప్రకటన చేర్చింది. దానిని ఆచరణలో పరీక్షించటానికి యునెస్కో, భారత ప్రభుత్వం కలిసి ఢిల్లీ నగరాన్ని ఎన్నుకొన్నవి. 1951 అక్టోబరు 27న ప్రధాని నెహ్రూ ఆ గ్రంథాలయాన్ని ప్రారంభించారు.

ఆ కాలాన్ని ఒక్కసారి తలచుకోవలె. దేశవిభజన జరిగి నాలుగేండ్లు. ఉన్న ఊరు వదిలి వచ్చినవారు ఒకవైపు, ఊరు విడిచి పోయినవారి ఖాళీ ఇండ్ల నడుమ మిగిలిపోయినవారు మరొకవైపు. అటువంటి పాత ఢిల్లీలో, రైల్వే స్టేషనుకు దగ్గరగా, హిందీ, ఉర్దూ, ఇంగ్లీషు పుస్తకాలను ఒకే చోట ఉంచి, చందా లేకుండా అందరికీ తలుపు తెరచిన గ్రంథాలయమది. దానిలో సామాజిక విద్య కోసం ఒక ప్రత్యేక శాఖ ఏర్పాటు చేశారు. చలనచిత్ర ప్రదర్శనలు, ఉపన్యాసాలు, నాటకాలు, చర్చాగోష్ఠులు ఆ శాఖ పనులు. కొత్తగా అక్షరాలు నేర్చినవారూ, అసలే నేర్వనివారూ వాటి ద్వారానే గ్రంథాలయానికి పరిచయమయ్యేవారు. ఈ పద్ధతిలో చిత్రం పుస్తకానికి పోటీ కాదని గమనించవలె. చిత్రం కోసం వచ్చినవాడు గ్రంథాలయం తనదేనని తెలుసుకుంటాడు. మరునాడు తన పిల్లవానిని వెంటబెట్టుకొని వస్తాడు.

ఫోగో ద్వీపవాసులు

కలిసి చూడటం వల్ల జనం దగ్గరకు రాగలరనటానికి బలమైన ఉదాహరణ కెనడాలో లభిస్తున్నది. గ్రియర్సన్ సలహాపై 1939లో ఆ దేశంలో జాతీయ చలనచిత్ర మండలి ఏర్పడింది. 1942 నుంచి ఆ మండలి వారు ప్రొజెక్టరును వాహనంలో పెట్టుకొని గ్రామాలు తిరుగుతూ డాక్యుమెంటరీలు చూపి చర్చలు జరిపించారు. ఊళ్ళలో చలనచిత్ర సంఘాలు ఏర్పడినవి; పౌర గ్రంథాలయాలు చిత్రాలను భద్రపరచి అరువిచ్చే కేంద్రాలయినవి. అనగా ఫిలిం చుట్ట కూడా పుస్తకంవలె పాఠకుని ఇంటికి, పాఠశాలకు, సంఘానికి పోయి తిరిగి వచ్చే వస్తువయింది.

1967లో ఆ మండలికి చెందిన కాలిన్ లో అనే దర్శకుడు న్యూఫౌండ్లండు సమీపంలోని ఫోగో ద్వీపానికి వెళ్ళాడు. అక్కడి జనం చేపలు పట్టి జీవించేవారు. ద్వీపం మీద పది చిన్న పల్లెలున్నవి. క్రైస్తవంలోని శాఖాభేదాలు వారిని వేరుచేసినవి. పిల్లల బడులు సైతం శాఖల వారీగా విడివిడిగా ఉండేవి. వేట సరిగా సాగక బీదరికం పెరుగగా, ఆ ప్రజలను అక్కడి నుంచి తరలించాలనే ఆలోచనలో ప్రభుత్వం ఉన్నది. తరలిపోవటమా, నిలబడటమా అని పది ఊళ్ళవారూ కలిసి కూర్చొని మాట్లాడుకొనే వేదిక లేదు.

కాలిన్ లో ఒక పెద్ద చిత్రం తీయలేదు. ఒక్కొక్క మనిషి మీద, ఒక్కొక్క విషయం మీద 27 చిన్న చిత్రాలు తీశాడు. వాటిని ముందుగా అందులో మాట్లాడినవారికే చూపి వారి అంగీకారం తీసుకొన్నాడు. తరువాత ఊరూరా చూపించి చర్చలు జరిపించారు. ఎదురుగా కూర్చొని చెప్పుకోలేని మాటను పొరుగూరివాడు తెరమీద చెబుతుండగా జనం ఓపికతో విన్నారు. తమ కష్టమే వారి కష్టమని గ్రహించారు. ఆ చిత్రాలను ప్రభుత్వంలోని వారికి చూపి, వారు చెప్పిన జవాబును కూడా చిత్రించి ద్వీపవాసులకు తెచ్చి చూపారు. ద్వీపవాసులు పడవల నిర్మాణానికి, చేపల వ్యాపారానికి సహకార సంఘం నెలకొల్పుకొన్నారు. ద్వీపం ఖాళీ కాలేదు. ఈ ఫలితమంతా చిత్రాల వల్లనే కలిగిందనటం అతిశయోక్తి. విశ్వవిద్యాలయ విస్తరణ సేవకుల కృషి, స్థానికుల పట్టుదల దానికి తోడ్పడినవి. కాని ఒకరినొకరు చూసుకోవటం వల్లనే వారి సంభాషణ మొదలయిందనటంలో సందేహం లేదు.

పస్తాపూర్ స్త్రీలు

మన సమీపంలోనే, సంగారెడ్డి జిల్లా జహీరాబాదు ప్రాంతంలోని పస్తాపూర్‌లో ఇంకొక అనుభవమున్నది. అక్కడ దక్కన్ అభివృద్ధి సంస్థకు చెందిన సంఘాలలోని దళిత స్త్రీలు, వారిలో బడి ముఖం చూడనివారు సైతం, వీడియో కెమెరా పట్టటం నేర్చుకొన్నారు. విత్తనాలు, చిరుధాన్యాల సేద్యం, తమ పండుగలు మొదలైన వాటిని తామే చిత్రించారు. వరంగల్లు జిల్లా రైతులు బీటీ పత్తితో పడిన పాట్లను గూర్చి వారు 2003లో విడుదల చేసిన చిత్రం విదేశాల వారిని కూడా ఆకర్షించింది. 2008లో వారే సంఘం రేడియోను నెలకొల్పారు.

పస్తాపూర్ మనకు నేర్పే పాఠం ఒకటున్నది. అక్షరం రానివారిని మనం కేవలం ప్రేక్షకులుగా లెక్కగట్టరాదు. చెప్పవలసిన సంగతి వారి వద్ద ఉన్నది. దానిని భద్రపరచే చోటు మాత్రం లేదు. ఆ చోటును పౌర గ్రంథాలయం ఇవ్వవచ్చు. పుస్తకంగా ఎవరూ రాయని మన ఊరి చెరువు చరిత్ర, మగ్గం పని, బీడీలు చుట్టే స్త్రీల దినచర్య, పెద్దల జ్ఞాపకాలు – ఇవన్నీ చిత్రరూపంలో బీరువాలోకి చేరితే ఆ గ్రంథాలయం ఆ ఊరి గ్రంథాలయమవుతుంది.

ఆచరణ విధానం

ఒకప్పుడు ప్రదర్శనకు 16 మిల్లీమీటర్ల ప్రొజెక్టరు, దానిని నడిపేవాడు, ఫిలిం చుట్టలు, కరెంటు – అన్నీ కష్టసాధ్యాలే. నేడు ఒక చిన్న ప్రొజెక్టరు, ఒక తెల్లని గోడ చాలును. 1948లో ఏర్పడి, తెలుగు, ఉర్దూలతో సహా అనేక భాషలలో వేలకొలది చిత్రాలు నిర్మించిన ఫిలిమ్స్ డివిజన్ 2022లో జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థలో విలీనమయినా, దాని పాత చిత్రాలు కొన్ని ఇప్పటికీ చూడటానికి లభిస్తున్నవి. కనుక సాధనాల కొరత కారణంగా చూపదగినది కాదు. కావలసినది పద్ధతి. ఈ క్రింది అంశాలను మేము సూచిస్తున్నాము.

మొదటిది, విషయాన్ని ఎన్నుకోవటం. రెండు బల్లల వారికీ సమానంగా సంబంధించిన విషయంతో ఆరంభించవలె. నీరు అటువంటిది. 1908 నాటి మూసీ వరద ఏ ఇంటి భాషనూ అడిగి ముంచలేదు. ఆ వరద తరువాత నిర్మించిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ నీళ్ళు అందరి కుండలలోనూ నిండినవి. అదేవిధంగా ఆరోగ్యం, బాలికల చదువు, చేతివృత్తులు. తగవులున్న విషయాలను పరిచయం పెరిగిన తరువాత చేపట్టవచ్చును.

రెండవది, కాలపరిమితి. చిత్రం అరగంటకు మించనీయక, చర్చకు కనీసం అంత సమయం కేటాయించవలె. చర్చకు ఉర్దూ తెలిసినవారొకరు, తెలుగు తెలిసినవారొకరు కలిసి అధ్యక్షత వహించి, ఒక భాషలో వచ్చిన మాటను రెండవ భాషలో క్లుప్తంగా చెప్పవలె. ఈ పని మన విద్యార్థులు చేయగలిగినంత బాగా మరెవరూ చేయలేరు.

మూడవది, పుస్తకం. ప్రదర్శన జరిగే గదిలోనే అదే విషయంపై రెండు భాషల పుస్తకాలు ఒకే బల్లపై ఉంచవలె. వాటిని ఆ పూటనే అరువిచ్చే ఏర్పాటు చేయవలె.

నాల్గవది, చట్టం. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం విద్యాసంస్థ తన కార్యక్రమాలలో భాగంగా అధ్యాపకులకు, విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు, సంరక్షకులకు, సంస్థ పనులతో సంబంధమున్నవారికి మాత్రమే చిత్రం చూపటం హక్కుల ఉల్లంఘన కాదు. ఇతర ప్రజలను పిలిచేటప్పుడు చిత్రంపై హక్కు గలవారి అనుమతి పొందవలె. బహిరంగ ప్రదర్శనకు 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం క్రింద ధ్రువపత్రం ఉన్నదీ లేనిదీ చూసుకోవలె.

రెండు ఆక్షేపణలు

ఈ ప్రయత్నం వల్ల గ్రంథాలయం సినిమాహాలుగా మారి చదువు మూలపడుతుందని కొందరు పెద్దలు శంకిస్తారు. శంక సహేతుకమే. చర్చ లేని, పుస్తకం లేని ప్రదర్శనకు ఆ ప్రమాదమున్నది. దశాబ్దాలపాటు మన సినిమాహాళ్ళలో అసలు ఆటకు ముందు డాక్యుమెంటరీ వేసేవారు. అది వేస్తుండగా జనం బయట నిలబడి, కథాచిత్రం మొదలయ్యే వేళకు లోపలికి వచ్చేవారు. అడిగేవాడు, చెప్పేవాడు లేని చోట మంచి చిత్రమూ వ్యర్థమే. చిత్రం, చర్చ, పుస్తకం మూడూ కలిసినప్పుడు మాత్రమే అది గ్రంథాలయపు పని.

ప్రతివాని చేతిలో ఫోను ఉండి, కోరిన చిత్రం కోరిన వేళ చూడగలుగుతున్న ఈ రోజులలో జనాన్ని ఒక చోటికి పిలవటమెందుకని రెండవ ఆక్షేపణ. మా దృష్టిలో పిలవటానికి అదే కారణం. ఎవరి ఫోనులో వారికి నచ్చినదే, వారు ముందే నమ్మినదే మళ్ళీ మళ్ళీ కనిపిస్తున్నది. పొరుగువాని గూర్చిన అబద్ధం కూడా ఆ దారినే ఇంట్లోకి వస్తున్నది. ఆ అబద్ధాన్ని ఒంటరిగా చూసినవాడు నమ్ముతాడు. పొరుగువాని ప్రక్కన కూర్చొని చూసినవాడు తిరిగి ఒక ప్రశ్న అడుగుతాడు. ఆ ప్రశ్నకు తావివ్వటం నేడు పౌర గ్రంథాలయం చేయదగిన సేవలలో మొదటిదని మేము భావిస్తున్నాము.

మన కర్తవ్యం

1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం జిల్లా జిల్లాకూ గ్రంథాలయ సంస్థను, దాని ఆదాయానికి సెస్సునూ ఏర్పరచింది. స్థానిక సంస్థలు వసూలు చేసిన సెస్సు సకాలంలో గ్రంథాలయాలకు చేరటం లేదనే మాట తరచు వినబడుతున్నది. అది పాలకులు సరిదిద్దవలసిన విషయం. అంతవరకు మనం చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు.

కళాశాల కార్యవర్గం వారికి మా విన్నపం ఒక్కటే. మన గ్రంథాలయంలో నెలకొక సాయంకాలం ఈ పనికి కేటాయించండి. ఒక ప్రొజెక్టరు, యాభై కుర్చీలు, గ్రంథపాలకునికి ఆ పూట ఒక సహాయకుడు – ఇంతకుమించి ఖర్చు లేదు. మొదట విద్యార్థుల తల్లిదండ్రులను ఆహ్వానించండి. వారిలో చదువురాని తల్లులు ఎందరో ఉన్నారు. తమ పిల్లలు చదివే గ్రంథాలయాన్ని వారు ఇంతవరకు చూసి ఉండరు. అనుభవం వచ్చిన తరువాత పట్టణంలోని శాఖా గ్రంథాలయంతో చేయి కలుపవచ్చును.

విద్యార్థి మిత్రులారా! మీలో రెండు లిపులూ వచ్చినవారు కొందరే. రెండు మాటలూ వచ్చినవారు దాదాపు అందరూ. ఆ వచ్చిన మాటను ఉపయోగించండి. ఒక వేసవి సెలవులో మీ పేటలోని ఒక వృద్ధుని జ్ఞాపకాలను, ఒక చేనేత కుటుంబపు పనిదినాన్ని, ఒక బావి కథను పది నిమిషాల చిత్రంగా తీసి, అందులో ఉన్నవారికి ముందుగా చూపి, వారు సరేనన్న తరువాత గ్రంథాలయానికి ఇవ్వండి. దానిని చూడటానికి రెండు బల్లల వారూ తమ కుర్చీలను ఒకే గోడ వైపుకు త్రిప్పుకొనవలసి వస్తుంది. చిత్రం ముగిసిన తరువాత ఆ కుర్చీలను ఒకదాని కెదురుగా ఒకటి త్రిప్పి కూర్చోబెట్టటం మీ పని.